నిద్ర ఏడుపు: కరిసల్ సీమ తెలుగు ఇళ్లలో ఊయలకూ ఏడుపుకూ నడుమ

“నిద్రకు ఏడుస్తోంది. కాసేపు ఏడవనీ.”

ఈ మాటను మేము అరుప్పుకోట్టై మగ్గాల వీధుల్లో చాలాసార్లు విన్నాం. చెప్పేది సాధారణంగా ఇంట్లో పెద్దావిడ. వినేది కొత్తగా తల్లి అయిన కోడలు. పసిబిడ్డ గుడ్డ ఉయ్యాలలో కాళ్లు తన్నుకుంటూ గునుస్తూ ఉంటుంది. రెండు నిమిషాలో మూడు నిమిషాలో గడిచేసరికి ఆ గునుపు సన్నగిల్లి ఆగిపోతుంది. ఇంట్లో అందరూ తమ తమ పనుల్లో పడతారు. ఇందులో చరిత్ర ఏముందని ఎవరైనా అడగవచ్చు. మేమూ చాలాకాలం అలాగే అనుకున్నాం.

మా శాఖలో చదువుకొని వెళ్లిన ఒక విద్యార్థిని కొంతకాలం క్రితం ఉత్తరం రాసింది. అమ్మాయిది అరుప్పుకోట్టై. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఏడు నెలల బిడ్డ తల్లి. “పుస్తకం గడియారం చూస్తూ ఏడవనివ్వమంటోంది. అత్తగారు ఏడిస్తే వెంటనే ఎత్తుకోమంటున్నారు. అమ్మ మాత్రం కాసేపు ఏడవనీ అంటోంది. బిడ్డ ఏడుస్తుంటే తలుపవతల నిలబడి నేనూ ఏడుస్తున్నాను. అసలు మనవాళ్లు ఏం చేసేవాళ్లు మేడమ్?” అని అడిగింది. జవాబు రాయబోయి ఆగాము. “మనవాళ్లు” అన్న మాట అంత తేలికైనది కాదు. ఏ మనవాళ్లు? ఏ కాలంలో? ఏ పని చేసుకుంటూ? ఆ ఉత్తరానికి జవాబు కాస్త పెద్దదై ఈ వ్యాసమయింది.

సీమ, జనం

అరుప్పుకోట్టై మదురైకి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న నేతపట్టణం. అరుంబు అంటే మొగ్గ. మల్లెమొగ్గల ఊరు గనుక ఆ పేరు వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. ఒకప్పుడు రామనాథపురం జిల్లాలో ఉండేది. 1985లో ఆ జిల్లాను విడదీసినప్పుడు నేటి విరుదునగర్ జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి నేతవారిలో దేవాంగులు ఎక్కువ. వారిలో ఇంట్లో కన్నడం మాట్లాడేవారూ ఉన్నారు, తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు. వీధిలోకి వస్తే అందరిదీ తమిళమే. ఊరు దాటి పడమరకూ దక్షిణానికీ, కోవిల్‌పట్టి వైపు వెళితే నల్లరేగడి నేల మొదలవుతుంది. తమిళంలో దానిని కరిసల్ అంటారు. ఆంగ్ల భూశాస్త్ర గ్రంథాల్లో ఈ నేలకు వాడే “రెగుర్” అన్న పేరు మన రేగడి నుంచి పోయినదే. ఆ పల్లెల్లో కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకులు తరతరాలుగా పత్తీ చిరుధాన్యాలూ పండిస్తూ తెలుగు మాట్లాడుతూ వచ్చారు.

ఈ వలసకు పెద్ద ఊపునిచ్చింది విజయనగర రాజ్యం. 14వ శతాబ్దిలో కుమార కంపన మదురై దండయాత్రతో దారి తెరుచుకుంది. 16వ శతాబ్దిలో విశ్వనాథ నాయకుని కాలం నుంచి మదురైలో నాయకరాజుల పాలన స్థిరపడింది. పాళెయాలు ఏర్పడ్డాయి. 1799లో కయత్తారులో ఉరితీయబడిన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన్న ఈ తెలుగు పాళెగాళ్ల కుదురుకు చెందినవాడే. ఈ జనం వలసకథను నవలగా మలచినవాడు కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్. ఇంటిభాష తెలుగు, రాసింది తమిళం. ఆయన “గోపల్ల గ్రామం” 1976లో వచ్చింది. దాని కొనసాగింపు “గోపల్లపురత్తు మక్కళ్”కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. 2021లో ఆయన మరణించారు.

రాజులు, పాళెయాలు, యుద్ధాలు చరిత్రగ్రంథాల్లో దొరుకుతాయి. ఆ బండ్లలో వచ్చిన తల్లులు పిల్లల్ని ఎలా నిద్రపుచ్చారన్నది దొరకదు. దానికి ఆధారం శాసనాల్లో కాదు, మాటల్లో వెతకాలి.

మాటలు చెప్పే సాక్ష్యం

తమిళంలో “తూంగు” అంటే వేలాడు, ఊగు అని అర్థం. నిద్రపో అని కూడా అర్థం. దీనికి జోడు సకర్మక క్రియ “తూక్కు”. అంటే ఎత్తు, పైకి లేపు. “అడంగు” అంటే అణగు, “అడక్కు” అంటే అణచు. సరిగ్గా అలాంటి జంటే ఇదీ. ద్రావిడ భాషల్లో అనునాసికంతో ఉన్న రూపం తనంతట జరిగే పనిని, ద్విత్వంతో ఉన్న రూపం మరొకరు చేసే పనిని తెలపడం భాషాశాస్త్ర విద్యార్థులకు పరిచితమే. తమిళ తల్లి బిడ్డను “తూక్కు” చేస్తుంది, బిడ్డ “తూంగు”తుంది. ఎత్తుకోవడమూ నిద్రపోవడమూ ఒకే ధాతువుకు రెండు కొమ్మలు.

మన “తూగు” ఈ ధాతువుకే తెలుగు రూపం. తూగడం అంటే ఊగడం, బరువుకు సరిపోవడం, కునికిపాట్లు పడడం. తూగుటుయ్యాల అన్న సమాసం మనకు ఉంది. తూనిక, తూకం కూడా ఇక్కడివే. అయితే తెలుగులో నిద్రకు వాడుకమాటగా సంస్కృత పదం స్థిరపడింది. తూగు అన్నది నిద్రకు ముందున్న స్థితికే, కళ్లు మూతలు పడే ఆ మగత ఘడియకే, పరిమితమయింది. మన చర్చ సరిగ్గా ఆ ఘడియ గురించే. పూర్తిగా మేలుకొని లేదు, నిద్రా పట్టలేదు. బిడ్డ ఏడ్చేది అప్పుడే.

తమిళం తొట్టిల్, తెలుగు తొట్టిల, కన్నడం తొట్టిలు ఒక్కటే మాట. అంటే బిడ్డను ఏదో ఒక ఊగేదానిలో పడుకోబెట్టడం ఈ భాషలు మాట్లాడేవారి ఉమ్మడి అలవాటు. అందులో మనదని, వారిదని విడదీయడానికి వీల్లేదు. దూలానికి పాతచీర కట్టి చేసే గుడ్డ ఉయ్యాలను ఇక్కడి తమిళులు తూళి అంటారు, ఏణై అనీ అంటారు. జోలపాటను తాలాట్టు అంటారు. తాల్ అంటే నాలుక, ఆట్టు అంటే ఆడించు. నాలుకను ఆడిస్తూ చేసే ధ్వని నుంచి పాటకు పేరు వచ్చింది. మన జోల కూడా “జో జో” అన్న ధ్వని నుంచి వచ్చినదే. రెండుచోట్లా ముందు పుట్టింది ధ్వని, తరువాతనే పాట.

ఇక ఏడుపు. తెలుగులో పసివాళ్ల ఏడుపుకు ఎన్ని మాటలున్నాయో చూడండి. గునవడం, రాగం తీయడం, వెక్కడం, కేరుమనడం, గుక్కపట్టడం. తమిళంలో చిణుంగడం వేరు, వీఱిట్టు అళడం వేరు. మంచును నిత్యం చూసేవారి భాషలో మంచుకు మాటలెన్ని అన్న వాదంలోకి మేము పోవడం లేదు. ఒక్క సంగతి మాత్రం గమనించాలి. ఇన్ని మాటలు ఉన్నాయంటే, ఏడుపంతా ఒకటే కాదని, ప్రతిదానికీ ఒకే జవాబు ఉండదని ఈ భాషలు మాట్లాడిన తల్లులకు తెలుసు. “నిద్రకు ఏడుస్తోంది” అన్న వాక్యాన్ని తమిళులు కూడా సరిగ్గా అదే కట్టడిలో, “తూక్కత్తుక్కు అళుదు” అంటారు. ఆకలికి ఏడ్చినట్టే నిద్రకు ఏడుస్తుంది. చతుర్థీ విభక్తి ఇక్కడ కారణాన్నీ కోరికనూ కలిపి చెబుతోంది. ఆకలికి ఏడిస్తే పాలివ్వాలి. నిద్రకు ఏడిస్తే నిద్రను రానివ్వాలి. అందుకే పెద్దావిడ నోట వచ్చే “ఏడవనీ” అన్న మాటలో నిర్లక్ష్యం లేదు. నిద్ర రావడానికి చోటివ్వమన్న సలహా ఉంది.

శాస్త్రం, కావ్యం

వైద్యగ్రంథాలు ఈ విషయాన్ని వదిలిపెట్టలేదు. చరకసంహిత శారీరస్థానంలో ఒక నియమం ఉంది. బిడ్డ ఏడ్చినా, తిననన్నా, మాట వినకపోయినా రాక్షసుల పేర్లూ పిశాచాల పేర్లూ పూతన పేరూ చెప్పి భయపెట్టరాదు. సుశ్రుతుడు కూడా బిడ్డను గద్దించరాదని, హఠాత్తుగా నిద్ర లేపరాదని, ఒంటికి సుఖంగా ఉండేలా పట్టుకోవాలని చెప్పాడు. నిషేధం ఉన్నదంటే ఆ పని జరుగుతూ ఉండేదనే అర్థం. నేటికీ తెలుగు ఇంట బూచివాడు వస్తాడు, తమిళ ఇంట పూచ్చాండి వస్తాడు. చరకుడు వద్దన్న పని మన రెండు భాషల్లోనూ ఇంకా సాగుతూనే ఉంది.

సాహిత్యంలో జోలకు ఈ సీమతో ఉన్న బంధం ప్రత్యేకమైనది. శ్రీవిల్లిపుత్తూరు నేడు విరుదునగర్ జిల్లాలోనే ఉంది. అక్కడి పెరియాళ్వారు యశోద గొంతుతో బాలకృష్ణునికి జోలపాడాడు. “తాలేలో” అన్న ఊతపదంతో సాగే ఆ పాశురాలు తమిళ సాహిత్యంలో తాలాట్టుకు తొలినాటి ఉదాహరణలు. ఈ పెరియాళ్వారే విష్ణుచిత్తుడు. 16వ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు “ఆముక్తమాల్యద”లో కథానాయకుణ్ని చేసినది ఇతణ్నే. తులసివనంలో పసిబిడ్డ దొరికిన ఊరూ అదే. తెలుగు పంచకావ్యాలలో ఒకదానికి రంగస్థలం మన అరుప్పుకోట్టై పొరుగునే ఉన్నదని ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థుల్లో ఎందరికి తెలుసు?

తరువాత తమిళంలో పిళ్ళైత్తమిళ్ అనే ప్రక్రియ ఏర్పడింది. దైవాన్నో రాజునో పసిబిడ్డగా భావించి పది దశలుగా పాడుతారు. అందులో మూడవ దశ తాల, అంటే జోల. మదురై మీనాక్షిపై కుమరగురుపరర్ రాసిన పిళ్ళైత్తమిళ్ తిరుమల నాయకుని సమక్షంలో వినిపించబడిందని సంప్రదాయం చెబుతుంది. తిరుమల నాయకుడు (1623–1659) తెలుగువాడు, పాట తమిళం. అటు తెలుగులో అన్నమయ్య నుంచి త్యాగయ్య దాకా లాలి, జోల, ఉయ్యాల పాటలు ఆలయంలో దేవుణ్ని నిద్రపుచ్చే సేవగా పెరిగాయి. నీలాంబరి రాగం జోలకు ప్రసిద్ధమయింది.

అయితే ఈ పాటలన్నిటిలోనూ బిడ్డ దేవుడు. పాడేవారికి తీరిక ఉంది. నేతగత్తెకు తీరిక ఏదీ?

మగ్గం పక్కన ఊయల

చేనేత ఇంటి పని మొత్తం ఇంటిది. గుంటమగ్గంలో కూర్చొని నేసేది ఎక్కువగా మగవాడు. నూలు తోడడం, రాట్నం మీద కండెలు చుట్టడం, పడుగు సరిచేయడం ఆడవారివి, పిల్లలవి. కండె అందకపోతే నాడె ఆగుతుంది. నాడె ఆగితే కూలి ఆగుతుంది. మా చిన్ననాట మేము చూసిన ఇళ్లలో మగ్గం ఉన్న గదిలోనే, అదే దూలానికి, గుడ్డ ఉయ్యాల వేలాడేది. దానికి ఒక తాడు కట్టి ఉండేది. రాట్నం తిప్పుతున్న తల్లి ఆ తాడును కాలిబొటనవేలికి తగిలించుకొని లాగేది. చేతులు నూలుకు, కాలు బిడ్డకు. మగ్గం చప్పుడు ఆగకుండా సాగేది. మగ్గం మోతలో పెరిగిన పిల్లలు పండుగపూట మగ్గం ఆగితే నిద్రపోక సతాయించేవారని పెద్దలు నవ్వుతూ చెప్పుకునేవారు.

ఇక్కడ “కాసేపు ఏడవనీ” అన్న మాటకు ఒక కొలత ఉంది. గడియారం కాదు, కండె. చేతిలో ఉన్న కండె నిండేదాకా. నిండాక బిడ్డ ఇంకా ఏడుస్తుంటే తల్లి లేచేది. అంతలో నిద్రపోతే ఇంకో కండె ఎత్తుకునేది. బిడ్డ ఎప్పుడూ ఒంటరి కాదు. తల్లి మూడడుగుల దూరంలో ఉంది. తాత మగ్గంలో ఉన్నాడు. ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు. ఎత్తుకోవడం ఆలస్యమైంది గానీ, వినడం ఆలస్యం కాలేదు.

పొలంలో పనిచేసే తల్లులది కాస్త కఠినమైన పరిస్థితి. పత్తి తీసే రోజుల్లో గట్టుమీది వేపకొమ్మకో తుమ్మకొమ్మకో చీర కట్టి, పెద్దపిల్లను కాపలా పెట్టి చేలోకి దిగేవారు. సాలు చివరికి పోయి తిరిగి వచ్చేదాకా బిడ్డ ఏడుపును ఆరేడేళ్ల అక్క చూసుకోవాలి. ఈ సీమ ఆడపిల్లల చదువు ఎక్కడ ఆగిపోయిందో వెతికేవారు ఈ చెట్టు ఉయ్యాల దగ్గర కూడా ఒకసారి ఆగి చూడాలి.

తరువాత మిల్లులు వచ్చాయి. 1920లలో శివకాశిలో అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలై కోవిల్‌పట్టి, సాత్తూరు దాకా పాకింది. ఇంట్లోనే పెట్టెలు అంటించే పని ఆడవారికి వచ్చింది. ఇంటిపని గనుక ఊయల పక్కనే ఉండేది. మిల్లులోకి వెళ్లిన తల్లి పక్కన ఉండేది కాదు. పసిబిడ్డ ఏడుపు పరిశ్రమకు ఎంత ఇబ్బందో, ఆ ఇబ్బందిని ఎలా మాన్పారో ఇతర నగరాల చరిత్ర చెబుతుంది. 19వ శతాబ్దపు ఇంగ్లండు మిల్లు పట్టణాల్లో గాడ్‌ఫ్రేస్ కార్డియల్ పేరిట నల్లమందు కలిసిన ద్రవాన్ని పిల్లలకు పట్టేవారు. బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలు పనికి వెళ్లేముందు పసివాళ్లకు నల్లమందు గోళీ ఇచ్చేవారని 1920లలో జరిగిన వైద్య పరిశీలనల్లో నమోదయింది. అలా మందిచ్చిన బిడ్డ ఏడవదు, ఆకలైనా ఏడవదు. బిడ్డ ఏడవకుండా ఉండడమే మేలనుకునేవారు ఈ పాఠాన్ని మరవకూడదు.

చట్టం ఆలస్యంగా వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షను 50 మందికి మించి స్త్రీలు పనిచేసేచోట శిశుగృహం ఉండాలన్నది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా తల్లికి రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇచ్చింది. 2017 సవరణ సెలవును 26 వారాలకు పెంచింది. ఇంట్లో కండెలు చుట్టే తల్లికి, ఇంట్లో పెట్టెలు అంటించే తల్లికి వీటిలో ఒక్కటీ వర్తించలేదు. ఆమెకున్న శిశుగృహం దూలానికి కట్టిన పాతచీరే.

గడియారం పుట్టిన చోటు

మా విద్యార్థిని చదివిన పుస్తకం వంశవృక్షం వేరు. 1894లో న్యూయార్కు వైద్యుడు ఎమ్మెట్ హోల్ట్ పిల్లల పోషణపై ప్రశ్నోత్తరాల రూపంలో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అది మొదట ఆయాల శిక్షణకు తయారైన పాఠం. ఏడుపు పసివాళ్ల ఊపిరితిత్తులకు వ్యాయామమని, అలవాటుగా ఏడ్చే బిడ్డను ఏడ్చి ఆపేదాకా వదిలేయాలని ఆయన రాశాడు. మొదటిసారి గంట పట్టవచ్చు, మొండి బిడ్డకు రెండు మూడు గంటలు కూడా పట్టవచ్చు, మూడోసారికి అవసరమే ఉండదన్నాడు. 1928లో మనస్తత్వశాస్త్రవేత్త జాన్ వాట్సన్ ఇంకా ముందుకు వెళ్లి పిల్లల్ని ముద్దాడడమే బలహీనత అన్నట్టు రాశాడు. 1946లో బెంజమిన్ స్పాక్ వచ్చి తల్లులకు మీ మీద మీరు నమ్మకం ఉంచండని చెప్పాడు. 1985లో బోస్టన్ వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ మధ్యేమార్గం చూపాడు. బిడ్డను మేలుకొని ఉండగానే పడుకోబెట్టి బయటికి రావాలి. ఏడిస్తే కొన్ని నిమిషాలకు వెళ్లి ఓదార్చి, ఎత్తుకోకుండా మళ్లీ బయటికి రావాలి. వెళ్లే వ్యవధిని క్రమంగా పెంచుకుంటూ పోవాలి.

ఈ పద్ధతులన్నిటి వెనుక ఒక ఇల్లు ఉంది. ఆ ఇంట్లో బిడ్డకు వేరే గది, వేరే మంచం, మూసిన తలుపు, గోడమీద గడియారం ఉన్నాయి. ఇద్దరే పెద్దలు, తెల్లవారితే ఇద్దరికీ ఉద్యోగం. మగ్గం పక్కన ఊయల ఉన్న ఇంట్లో ఆ ప్రశ్నే పుట్టదు. బెంగళూరు అపార్టుమెంటులో పుడుతుంది. ఇల్లు మారాక ప్రశ్న మారింది. పాత జవాబును పాత రూపంలోనే పట్టుకుంటే నెగ్గలేము. కొత్త జవాబును పాశ్చాత్యమని తోసిపుచ్చినా నెగ్గలేము.

పరిశోధనలు ఏమన్నాయి

ఈ విషయంలో గత అరవై ఏళ్లుగా జరిగిన పరిశోధన ఆసక్తికరం. 1962లో అమెరికా వైద్యుడు బ్రేజెల్టన్ 80 మంది పసివాళ్ల ఏడుపును తల్లులచేత రోజూ రాయించాడు. ఆరువారాల వయసులో ఏడుపు పరాకాష్ఠకు చేరి, రోజుకు సుమారు రెండుముప్పావు గంటలు ఉండి, ఆ తరువాత తగ్గుతుందని తేలింది. ఎక్కువ ఏడుపు సాయంత్రంపూటే. మన ఇళ్లలో సంధ్యవేళ బిడ్డ ఏడిస్తే ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీయడం ఇక్కడ గుర్తుకు వస్తుంది. దిష్టి తీసిన కాసేపటికి ఏడుపు ఆగుతుంది. తీయకపోయినా ఆగేదే. కాని తల్లి చేతికి ఒక పని దొరికింది, ఇంట్లో నలుగురూ ఆ బిడ్డ చుట్టూ చేరారు.

1972లో సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ 26 మంది తల్లీబిడ్డల జంటలను ఇళ్లకు వెళ్లి పరిశీలించారు. తొలినెలల్లో వెంటనే పలికిన తల్లుల బిడ్డలు ఏడాది చివరికి తక్కువగా ఏడ్చారని రాశారు. 1986లో హంజికర్, బార్ చేసిన పరీక్షలో, ఏడవకముందే రోజూ అదనంగా ఎత్తుకున్న పసివాళ్లు ఆరువారాల వయసులో 43 శాతం తక్కువ ఏడ్చారు. 1991లో కలహారి ఎడారి కుంగ్ జాతి పసివాళ్ల అధ్యయనం వచ్చింది. నిరంతరం తల్లి ఒంటినంటి ఉండే ఆ పిల్లలు కూడా ఏడుస్తారు. ఏడ్చే సార్లు తక్కువేమీ కావు. ప్రతిసారీ ఏడ్చే వ్యవధి తక్కువ. అంటే అసలు ఏడవని బిడ్డ ఏ సంస్కృతిలోనూ లేదు.

మరోవైపు, ఏడవనిస్తే హాని జరుగుతుందా అన్న ప్రశ్నకు 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు జవాబిచ్చారు. నిద్ర సమస్య ఉన్న ఏడెనిమిది నెలల పిల్లల తల్లిదండ్రులకు రెండు పద్ధతులు నేర్పారు. ఒకటి వ్యవధి పెంచుకుంటూ ఓదార్చడం, రెండవది బిడ్డ నిద్రపోయేదాకా మంచం పక్కనే కూర్చొని క్రమంగా దూరం జరగడం. 326 మంది పిల్లలను ఆరేళ్ల వయసుదాకా గమనించారు. హానీ కనబడలేదు, నిలిచిపోయే లాభమూ కనబడలేదు. 2016లో అదే దేశంలో 43 మంది పిల్లలపై జరిగిన మరో పరీక్షలో కూడా తల్లితో అనుబంధం దెబ్బతిన్న సూచన లేదు. ఇవన్నీ దాదాపు ఆరునెలలు నిండి ఆరోగ్యంగా ఉన్న పిల్లల గురించిన మాటలు. రెండు నెలల పసికందుకు వీటిని వర్తింపజేయడం తప్పు. 2022లో జపాను పరిశోధకులు ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకొని ఐదు నిమిషాలు నడిచి, నిద్రపట్టాక మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లో ఉంచుకొని అప్పుడు పడుకోబెట్టమన్నారు. భుజాన వేసుకొని వసారాలో పచార్లు చేసే తాతలకు ఇది కొత్త సంగతి కాదు.

మంచం పక్కన కూర్చొని క్రమంగా దూరం జరగడాన్ని మా అమ్మమ్మ కాలంలో ఎవరూ పద్ధతి అనలేదు. కండె చుట్టడం అన్నారు.

ఎక్కే ఏడుపు, దిగే ఏడుపు

ఇక్కడ మా సొంత అనుభవం ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ముగియదు. మా పెద్దమ్మాయికి తొమ్మిదో నెల. అరుప్పుకోట్టైలో అమ్మావాళ్ల ఇంట్లో ఉన్నాం. ఒక రాత్రి ఉయ్యాలలో వేశాక ఏడుపు అందుకుంది. చదువుకున్నవాళ్లం, పుస్తకాలు చూసినవాళ్లం, పైగా పెద్దల మాటా విన్నవాళ్లం. నిద్ర ఏడుపే అనుకున్నాం. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట. పక్కింటి ముసలమ్మ లేచి వచ్చి గడపలో నిలబడింది. లోపలికి కూడా రాలేదు. కాసేపు విని, “అమ్మా, ఇది నిద్దర ఏడుపు కాదు. నిద్దర ఏడుపు దిగతా వస్తది. ఇది ఎక్కతా ఉంది. బిడ్డను ఎత్తు” అన్నది. ఎత్తుకొని చూస్తే ఒళ్లు కాలుతోంది. చేయి మాటిమాటికీ చెవి మీదికి పోతోంది. తెల్లవారి వైద్యుడు చూసి చెవిలో చీము పట్టిందన్నాడు. వారంలో నయమయింది. బిడ్డకు ఆ రాత్రి గుర్తులేదు. మాకు ఉంది.

ఆ ముసలమ్మకు చదువు రాదు. ఆమె చెప్పిన భేదం మాత్రం మేము చదివిన ఏ పుస్తకంలోనూ అంత తేటగా లేదు. అలసిన బిడ్డ ఏడుపులో విరామాలు వస్తాయి, స్వరం కిందికి దిగుతుంది, గునుపుగా మారి ఆగుతుంది. నొప్పితోనో ఆకలితోనో భయంతోనో ఏడ్చే బిడ్డ ఏడుపు పైపైకి పోతుంది. గడియారం ఎన్ని నిమిషాలైందో చెబుతుంది. ఎక్కుతోందో దిగుతోందో చెప్పదు. దానికి చెవి కావాలి, ఆ చెవి బిడ్డకు దగ్గరగా ఉండాలి. జ్వరం, వాంతులు, పాలు తాగకపోవడం, మూడు నెలలలోపు వయసు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా “ఏడవనీ” అన్న మాటకు తావులేదు.

ఇంకొకటి. ఒంటరిగా ఉన్న తల్లి ఓపిక నశించిన క్షణంలో బిడ్డను కుదిపేసే ప్రమాదం ఉంది. పసివాళ్ల మెదడుకు అది ప్రాణాంతకం కావచ్చు. అలాంటప్పుడు బిడ్డను వెల్లకిలా భద్రంగా పడుకోబెట్టి, పక్కగదిలోకి వెళ్లి ఐదు నిమిషాలు ఊపిరి పీల్చుకొని రమ్మని వైద్యులు చెబుతారు. ఆ ఐదు నిమిషాల ఏడుపు బిడ్డను కాపాడుతుంది. ఉమ్మడి ఇంట్లో ఆ ఐదు నిమిషాలూ అత్తగారో ఆడపడుచో ఎత్తుకునేది. ఇప్పుడు ఎత్తుకునే చేయి లేదు గనుక తల్లిని తప్పుపట్టడం న్యాయం కాదు.

ముగింపు

మా విద్యార్థినికి మేము రాసిన జవాబు క్లుప్తంగా ఇది. అమ్మా, మనవాళ్లు ఎత్తుకునేవాళ్లు, ఏడవనిచ్చేవాళ్లు కూడా. ఆ రెండింటికీ ఒకే ధాతువు ఉన్నదని మన భాషలే చెబుతున్నాయి. మీ అమ్మ చెప్పినదీ తప్పు కాదు, మీ అత్తగారు చెప్పినదీ తప్పు కాదు. వారి వారి ఇళ్లలో అవి నిజాలు. నీ ఇంట్లో మగ్గం లేదు, దూలం లేదు, గడపలో నిలబడి వినే పక్కింటి ముసలమ్మ లేదు. కాబట్టి నువ్వు తలుపవతల నిలబడవద్దు. లోపల, మంచం పక్కన కూర్చో. చేతిలో ఏదైనా పని పెట్టుకో. ఏడుపు దిగుతుంటే కూర్చునే ఉండు. ఎక్కుతుంటే లే.

ఆంధ్రదేశానికి వెలుపల పెరిగిన తెలుగు విద్యార్థులకు చివరగా ఒక మనవి. మీలో చాలామందికి తెలుగు బడిభాష కాదు, వీధిభాష కాదు. ఇంట్లో, అందులోనూ ఊయల దగ్గర, బతికిన భాష. బిరుదురాజు రామరాజు వంటివారు తెలుగునాట జానపద గేయాలను సేకరించారు. నా. వానమామలై వంటివారు తమిళ పాటలను సేకరించారు. రెండు భాషల నడుమ ఉన్న మన ఇళ్లలో తెలుగు మాటకు తమిళ బాణీ కట్టుకొని పాడిన జోలలు, తాళగతి తప్పి మగ్గం గతికి సరిపోయిన జోలలు, ఉన్నాయి. పాడేవారు వయసు మళ్లినవారు. ఈ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు మీ అమ్మమ్మను పాట మాత్రమే అడగవద్దు. ఏ ఏడుపుకు ఏ పేరు పెట్టేదో, ఎప్పుడు ఎత్తుకునేదో, ఎంతసేపు ఆగేదో కూడా అడిగి రాసుకోండి. పాట ఎక్కడో ఒకచోట అచ్చులో మిగులుతుంది. ఆ వినికిడి మాత్రం ఆవిడతోనే పోతుంది.